జిగురు చుక్క

ఇంటి నుంచి
జూన్ 3

అన్నయ్యా,

క్షేమమా అని అడగను. నువ్వు బాగున్నాననే రాస్తావు, నేను నమ్మినట్టు నటించాలి, ఇద్దరికీ శ్రమ దండగ. పనుండి రాస్తున్నాను.

నీ సౌండ్‌బార్ మొండికేసింది. టీవీలో బొమ్మ వస్తూనే ఉంటుంది, మాట ఉన్నట్టుండి తెగిపోతుంది. బార్ మీద నీలం దీపం టపటపా కొట్టుకుంటుంది. నేను చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, రిమోట్‌తో మళ్లీ టీవీకి కలిపితే పలుకుతుంది. ఒక గంట బుద్ధిగా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. "అమ్మాయ్, మాట పోయింది" అని నాన్న కేక. ఆ కేక ఇప్పుడు నా కలల్లోకి కూడా వస్తోంది.

కంపెనీకి ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి పాకం కారే గొంతుతో, ఒకసారి ఆపి మళ్లీ వెయ్యండి మేడమ్ అంది. వేశానమ్మా అంటే, ఇంకోసారి ఆపమంది. నలభై నిమిషాలు ఇదే ఆట ఆడించి, చివర్లో నా సేవ మీకు నచ్చిందా అని అడిగింది. ఊళ్లో సగం గోడలకు టీవీలు, స్పీకర్లు బిగించినవాడి ఇంట్లో ఈ గతి. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

కొత్తది కొందామంటే నాన్న ససేమిరా అంటున్నాడు. వాడు తెచ్చింది, అదే ఉండాలి అంటాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఇలా లేడు. నువ్వెళ్లి ఎనిమిది నెలలు దాటింది, ఈ ఎనిమిది నెలలూ ఆయన లోకమంతా ఆ గదే. మెట్లు దిగడు. పేపరు మానేశాడు. కళ్లజోడు కాడ విరిగిందట, బాగు చేయిస్తానంటే ఇప్పుడేం తొందర అంటాడు. నీ ఉత్తరాలు కూడా నేనే చదివి వినిపిస్తున్నాను. మాట తెగినప్పుడు మాత్రం ఆయన్ను చూడలేను. సంతలో తప్పిపోయిన పిల్లాడిలా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరో వచ్చి తీసుకెళ్తారన్నట్టు కూర్చుంటాడు.

ఇంకొక్క మాట, ఇది రాయకపోతే నాకు అరగదు. ఆసుపత్రి వెనక గేటు దగ్గర మన బండి కింద పడి పోయిన ఆవిడ నాకు తెలుసని నీకెప్పుడూ చెప్పలేదు. వార్డుల్లో నేల తుడిచేది. మందునీళ్లకు అరచేతులు పగిలి, వారానికోసారి మా మందుల షాపుకొచ్చి లేపనం కొనేది. నేనిచ్చిన గొట్టం ఆవిడ చేతిలోంచి జారిపోయేది, వేళ్లు సరిగా మడతపడేవి కావు. ఇద్దరం ఒకేసారి వంగి తీసేవాళ్లం, నవ్వేది. కోర్టులో నువ్వు, ఫోను చూస్తూ నడిపాను, తప్పు నాదే అన్నావు. ఫోను చూస్తూ. మూడేళ్లతో సరిపెట్టారు. నేనైతే సరిపెట్టేదాన్ని కాదు.

నిన్ను క్షమించానని అనుకోకు. సౌండ్‌బార్ సంగతి మాత్రం రాయి.

చెల్లి


జైలు, నాలుగో బ్యారక్
జూన్ 14

చిటపటా,

నీ ఉత్తరం అందింది. నాకు అందేముందు ఇక్కడ ఒక పెద్దాయనకు అందింది. మనం రాసుకునే ప్రతి ముక్కా ఆయన తెరిచి చదివి, ముద్ర గుద్దాకే కదులుతుంది. ఆ సంగతి గుర్తుంచుకుని రాస్తూ ఉండు. మంచివాడే. కవరు చేతికిస్తూ, "మా ఇంట్లోనూ ఇదే రోగమోయ్, మా ఆవిడ నన్ను తిడుతోంది" అన్నాడు. అందుకని ఈ మందుచీటీ రెండిళ్లకూ కలిపి.

ముందు వైఫై డబ్బా ఎక్కడుందో చూడు. బార్ పక్కనే, అదే అరలో పెట్టి ఉంటావు. నీకు అన్నీ ఒకేచోట సర్దే జబ్బు ఉంది. రెండూ ఒకే గాలిలో మాట్లాడుకునే రకం, పక్కపక్కన పెడితే ఇద్దరు తోడికోడళ్లు ఒకేసారి మాట్లాడినట్టు, ఎవరి మాటా వినపడదు. నాలుగడుగులు దూరం జరుపు. బార్ ముందు ఏదీ అడ్డం ఉండకూడదు, ఇనప స్టాండు అసలే వద్దు. మధ్యలో మనిషి నిలబడ్డా సిగ్నల్ తగ్గుతుంది, ఒంట్లో ఉండేది నీళ్లే కదా. వంటింట్లో ఓవెన్ తిరిగేటప్పుడే తెగుతోందేమో చూడు. అప్పటికీ లొంగకపోతే టీవీలోని పాత జతలన్నీ తీసేసి మొదట్నుంచి కలుపు.

ఒకటి గమనించు. సిగ్నల్ అందక తెగితే దీపం తెల్లగా నిలిచిపోతుంది. నీలంగా కొట్టుకుంటోందంటే అది దానంతట తెగలేదు. టీవీని వదిలేసి కొత్త ఫోను కోసం వెతకమని ఎవరో చెప్పినట్టు. అలా అయినప్పుడు గదిలో ఎవరున్నారో రాయి.

క్షమించమని నేనడగలేదు, అడగను. ఆవిడ అరచేతుల గురించి రాశావు. ఎందుకు రాశావని అనను. తెలియాల్సిందే.

నాన్నను మెట్లు దిగనివ్వకు.

అన్నయ్య


ఇంటి నుంచి
జూలై 1

అన్నయ్యా,

వైఫై డబ్బా ఇప్పుడు తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. ఇనప స్టాండు బాల్కనీలోకి పోయింది. పాత జతలు తీసేశాను. ఓవెన్‌ను పదకొండు రోజులు ముట్టుకోలేదు, చల్లటి తిండే తింటున్నాం. ఫలితం సున్నా.

డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి లేపనం గొట్టాలు అమ్ముకుంటున్నదాన్ని, ఇన్నాళ్లకు నాకొక ప్రయోగం దొరికింది కదా అని పుస్తకం పెట్టి రాశాను. పదకొండు రోజుల్లో పంతొమ్మిది సార్లు తెగింది. పంతొమ్మిది సార్లూ నీలం దీపమే. పంతొమ్మిది సార్లూ గదిలో నాన్న ఒక్కడే. ఆదివారం పొద్దుట్నుంచి నేను ఆ గదిలోనే కూర్చుని బట్టలు మడతపెట్టాను, ఒక్కసారి కూడా తెగలేదు. నేను పక్కనుంటే బుద్ధిమంతురాలు, నేను లేచానో లేదో మూగనోము పట్టేస్తుంది.

నాన్నను అడుగుదామని గుమ్మంలోకి వెళ్లానంతే, "నేనేం ముట్టుకోలేదమ్మా" అన్నాడు. నేనింకా నోరు తెరవలేదు. అడక్కముందే జవాబు చెప్పేవాళ్లను షాపులో రోజూ చూస్తాను. వాళ్లకు మత్తుండే దగ్గు మందు ఇవ్వం.

ఇంకో వింత. కుర్చీని బార్ పక్కకు లాక్కున్నాడు. టీవీకి ఎదురుగా కాదు, పక్కకు తిరిగి కూర్చుంటాడు. బొమ్మ ఎలా కనిపిస్తుంది నాన్నా అంటే, మెడ పట్టేసింది, ఇలాగే హాయిగా ఉంది అన్నాడు. నీ ఉత్తరంలో మెట్ల సంగతి చదివి వినిపించాను. మోకాళ్లు రుద్దుకున్నాడు.

పక్క జిల్లాలో ఒక పరిశోధనశాల వాళ్లు నన్ను రమ్మన్నారు. సెప్టెంబర్ నెలాఖరులోగా చేరాలన్నారు. నాన్నను ఎవరి మీద వదలను. రానని చెప్పడానికి ఉత్తరం రాసి పెట్టుకున్నాను, ఇంకా పోస్టు చేయలేదు. ఇది కూడా నీ ఖాతాలోనే వేస్తున్నాను.

చెల్లి


జైలు, నాలుగో బ్యారక్
జూలై 12

చిటపటా,

నీ లెక్క చూశాను. సిగ్నల్‌లో తప్పులేదు.

బార్ పైన వరసగా నాలుగు బటన్లున్నాయి. నున్నగా ఉంటాయి, వేలికి అన్నీ ఒకటే. మాట పెంచే బటన్‌కు పక్కనే జత కలిపే బటన్. దాని మీద వేలు రెండు క్షణాలు ఆనితే చాలు, బార్ టీవీని వదిలేస్తుంది. నాన్న మాట పెంచబోయి దాన్ని నొక్కుతున్నాడు.

ఇలా చెయ్యి. నా పనిముట్ల పెట్టెలో చెక్క జిగురు గొట్టం ఉంది. మాట పెంచే బటన్ మీద ఒక్క చుక్క, పెసరగింజంత, వేసి ఒక రోజు ఆరనివ్వు. గట్టిపడి వేలికి తగలాలి. ఆయనకు చెప్పకు. ఆయనే కనుక్కుంటాడు.

అది ఆరాక బార్‌ను పూర్తిగా రీసెట్ చెయ్యి. రెండు చివరి బటన్లూ కలిపి పది లెక్కపెట్టేదాకా నొక్కితే పాత జతలు, పాత జాబితా అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. నా ట్యాబ్‌లో దాని యాప్ ఒకటి ఉంది, అది తెరవక్కర్లేదు. తీసేసెయ్.

పెద్దాయన ఇంట్లో రోగం కుదిరిందట. వైఫై డబ్బా జరిపాడంతే. నీ గురించి అడుగుతుంటాడు, మీ చెల్లెలు షాపులో కాదోయ్, కోర్టులో ఉండాల్సిన మనిషి అంటాడు.

నాకు జలుబు చేసి ఎడమ చెవి కాస్త దిబ్బడగా ఉంది. మరేం లేదు. ఆ రాసి పెట్టుకున్న ఉత్తరం చించెయ్. వెళ్లి చేరు.

అన్నయ్య


ఇంటి నుంచి
జూలై 29

అన్నయ్యా,

చుక్క వేశాను. ఆ మర్నాటి నుంచి ఇవాళ్టిదాకా ఒక్కసారి కూడా మాట తెగలేదు. నువ్వు ఇంత దూరాన కూర్చుని, చూడకుండా, పట్టుకోకుండా రోగం కనిపెట్టావు. మెచ్చుకోవాలి. కానీ నాకొక ముక్క గొంతులో ఇరుక్కుంది. వేలికి తగలాలి అన్నావు. కళ్లెదురుగా బటన్ మీద గుర్తుండగా వేలికెందుకు తగలాలి?

మంగళవారం షాపు నుంచి తొందరగా వచ్చాను. ఈ టీవీలో బొమ్మ ఆపేసి మాట మాత్రమే ఉంచే ఏర్పాటు ఉంది. గుమ్మం దగ్గర నిలబడి బొమ్మ ఆపేశాను. తెర నల్లగా అయిపోయింది. నాన్న కదల్లేదు. ఎవరో హాస్యమాడుతున్నారు, ఆయన నవ్వాడు. నేను చెప్పులు విడిచి, మెల్లగా వెళ్లి ఆయన కుర్చీ ముందు నిలబడ్డాను. చెయ్యి చాపితే నా మోకాలు తగిలేంత దగ్గర. కాసేపటికి ఆయన వంటింటి వైపు తల తిప్పి, గట్టిగా కేకేశాడు.

"అమ్మాయ్, కాసిని మంచినీళ్లు తెస్తావా?"

నేను మునివేళ్ల మీద నడిచి వంటింట్లోకి వెళ్లి, అక్కడినుంచి వస్తున్నానని చెప్పి, నీళ్లు తెచ్చిచ్చాను.

తర్వాత వెతికాను. గడ్డం గీసుకునే డబ్బాలో, బ్లేళ్ల కింద కంటి చుక్కల సీసా ఉంది. మా షాపులో అది మూడో అరలో ఎడమ చివర ఉంటుంది. కంటి నరం ఎండిపోయేవాళ్లకు ఇస్తాం. రోజూ కనీసం ఇద్దరికి నా చేత్తో ఇస్తాను. మన ఇంట్లోది మాత్రం రెండు వీధుల అవతలి షాపులో కొన్నారు. సీసా మీద చీటీ అతికించి ఉంది. తేదీ పోయినేడు మే. కొన్నవారి సంతకం నీది.

తర్వాత యాప్ తెరిచాను. తెరవక్కర్లేదని నువ్వు రాయకపోతే తెరిచేదాన్ని కాదు. బార్‌కు ఏ ఫోను ఎప్పుడు కలిసిందో, ఎప్పుడు విడిపోయిందో అన్నీ అందులో ఉన్నాయి. మొట్టమొదటి వరస నీ ఫోనుది. పోయిన సెప్టెంబర్ 22. సాయంత్రం 6.04కు కలిసింది, 6.53కు విడిపోయింది. మధ్యలో ఒక్కసారి కూడా తెగలేదు.

కాబట్టి నిన్నొక సాంకేతికమైన సందేహం అడుగుతున్నాను, పెద్దాయన కూడా వింటే మంచిదే. బ్లూటూత్ పది మీటర్లు దాటి పనిచేయదని నువ్వే చెప్పేవాడివి. ఆసుపత్రి వెనక గేటు మన ఇంటికి ఆరు కిలోమీటర్లు. ప్రమాదం ఆరు ముప్పావుకని కోర్టు కాయితాల్లో ఉంది. ఆరు ముప్పావుకు నీ ఫోను మన హాల్లో పాట పాడుతోంది.

రీసెట్ చేయలేదు.

చెల్లి


జైలు, నాలుగో బ్యారక్
ఆగస్టు 7

చెల్లీ,

ఫోను ఇంట్లో మర్చిపోయి వెళ్లాను. అంతకంటే అందులో ఏమీ లేదు. బార్ రీసెట్ చెయ్యి. నాన్నను మంచి కంటి డాక్టరుకు చూపించు. ఇక ఈ విషయం రాయకు.

అన్నయ్య


ఇంటి నుంచి
ఆగస్టు 13

అన్నయ్యా,

ఇంట్లో మర్చిపోయిన ఫోనును బండిలో చూస్తూ ఎలా నడిపావు?

చెల్లి


జైలు నుంచి, వడ్రంగి చేత
ఆగస్టు 25

చిటపటా,

ఈ ఉత్తరం పెద్దాయన చదవలేదు. శిక్ష పూర్తయి వెళ్తున్న వడ్రంగి చొక్కా అంచులో కుట్టుకుని తెస్తున్నాడు. అందుకని ఒక్కసారికి సూటిగా రాస్తాను.

బండి నేను నడపలేదు.

పోయినేడు వేసవిలో నాన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టబోయి గాల్లో వదిలేశాడు. రెండుసార్లు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పక్కచూపు ఎప్పుడో పోయిందని, ముందుచూపు గొట్టంలోంచి చూసినంతే మిగిలిందని, అదీ ఎక్కువ రోజులు నిలవదని చెప్పింది. బండి తాళం కూడా ముట్టుకోవద్దంది. నీకు చెప్పొద్దని నాన్న బతిమాలాడు. చెబితే అది అన్నీ వదిలేసి నాకు కాపలా కూర్చుంటుంది, దాన్ని వెళ్లనీ అన్నాడు. సరేనన్నాను.

ఆ రోజు బార్ కొత్తగా వచ్చింది. ఫోనులో పాట పెట్టుకుని, గదిలో ఏ మూల ఎలా పలుకుతోందో వింటూ కూర్చున్నాను. ఆసుపత్రి అవతల ఒక ఇంటికి టీవీ బ్రాకెట్ అందించాలి. ఆ ఇంటాయన మూడుసార్లు ఫోన్ చేశాడు. నాన్న వచ్చి, "ఇంకా వెలుతురుందిగా, నేనిచ్చి వస్తాలేరా" అన్నాడు. తాళం నా జేబులో ఉంది. నేను లేవలేదు. కూర్చున్నచోటి నుంచే తీసి చెయ్యి చాపాను. నాన్న చెయ్యి తాళం కోసం గాల్లో ఒకసారి తడుముకుంది. చూశాను. చూసి కూడా ఆ చేతిలో పెట్టాను. మళ్లీ పాట వైపు తిరిగాను.

ఏడుకు ఎనిమిది నిమిషాల ముందు నాన్న ఫోన్ వచ్చింది. ఏదో తగిలిందిరా అన్నాడంతే. పక్కింటి బైకు తీసుకుని పరిగెత్తాను. వెళ్లేసరికి వాన. ఆవిణ్ని లోపలికి మోసుకెళ్తున్నారు, అందరి కళ్లూ ఆవిడ మీదే. నాన్నను గోడ వారగా నిలబెట్టి, నేనెక్కి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. పోలీసు వచ్చి ఎలా జరిగిందన్నాడు. ఫోను చూస్తున్నానన్నాను. అదొక్కటే తోచింది. ఒప్పుకున్నవాణ్ని ఎవరూ ఇంకేమీ అడగరు.

తప్పుడు మనిషి జైల్లో ఉన్నాడని నువ్వు ఏడవొద్దు. ఆయన చూపు సంగతి ఇంట్లో ఆయన తర్వాత తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. లేవడానికి బద్ధకించింది నేను. ఇక్కడ అన్నం పళ్లెం కూడా కాపలా కాసుకుని తినాలి. కళ్లు లేని మనిషి ఒక్క వారం నిలవడు. ఆయన నోరు విప్పకూడదని అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను.

రీసెట్ చెయ్యి. ఈ కాయితం కాల్చెయ్. వెళ్లి నీ ఉద్యోగంలో చేరు. నిన్ను నేను అడిగేది ఇదొక్కటే.

అన్నయ్య


ఇంటి నుంచి
సెప్టెంబర్ 4

ముందుగా ఈ కవరు తెరిచే పెద్దాయన గారికి నమస్కారం.

అయ్యా, నేను మీ దగ్గర నాలుగో బ్యారక్‌లో ఉన్న సౌండ్‌బార్ మెకానిక్ తండ్రిని. నాకు చూపు లేదు, అందుకని నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఇన్ని నెలలుగా మీరు మా ఇంటి కష్టాలు చదువుతున్నారు, మా పిల్లలిద్దరూ మీకు భయపడి అసలు సంగతి రాయకుండా వచ్చారు. ఇది మీరే చదవాలని రాయిస్తున్నాను. చదివి దాచిపెట్టకండి, మీ పైవాళ్లకు ఇవ్వండి. ఇదే మాట ఇంకో కాయితం మీద రాయించి వకీలుకు పంపాను. స్పీకరు ఏ రోజు ఏ టైములో పలికిందో చూపించే ట్యాబ్ కూడా ఆవిడ దగ్గరే ఉంది.

పోయినేడు సెప్టెంబర్ 22న సాయంత్రం ఆ బండి నడిపింది నేను. నా కొడుకు ఇంట్లో ఉన్నాడు. చూపు పోతోందని, బండి నడపకూడదని నాకు తెలుసు. ఆ మలుపు నాకు కొట్టిన పిండి, కళ్లు మూసుకుని తిప్పగలను అనుకున్నాను. ఏదో మెత్తగా తగిలింది. వానకు తడిసిన మూటేమో అనుకున్నాను. మనుషులు అరిచాక గానీ మనిషని తెలియలేదు.

ఇన్నాళ్లూ చెప్పకపోవడానికి కారణం, నా కొడుకు నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ వాక్యం కొట్టేయమంటే మా అమ్మాయి కొట్టేయనంటోంది. ఉండనివ్వండి. కానీ అది అబద్ధం. నేను భయపడ్డాను. వాడు ఒట్టు వెయ్యమనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

వాడు కోర్టుకు అబద్ధం చెప్పినందుకు వాడికీ కొంత శిక్ష ఉంటుందని వకీలు అంది. ఉంటే ఉండనీ, వాడిదెంతో అంతే వాడు మోయాలి. నాది నేను మోస్తాను. మీరు పిలిచిన రోజు వస్తాను. మెట్లు దిగడానికి మాత్రం ఒకరి చెయ్యి కావాలి.


ఇక్కడినుంచి నా మాటలు, అన్నయ్యా.

కాయితం నేను కాల్చలేదు. కాల్చేదాన్నేమో, నిజంగానే. అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టుకున్నాను కూడా. బార్ చివరి బటన్ల మీద రెండు వేళ్లు పెట్టి ఆరు దాకా లెక్కపెట్టాను.

మీ వడ్రంగి నోరు మంచిది, ఊరుకోదు. గుమ్మంలోనే నిలబడి, నాన్న వింటున్నాడని తెలియక, అంతా చెప్పేశాడు. అన్నం వరసలో ఎవడో చెంప మీద కొడితే నీ ఎడమ కర్ణభేరి పగిలిందట. నెలన్నరగా చీము కారుతోందట. "పాపం ఎడమ పక్కనుంచి పిలిస్తే పలకడమ్మా, స్పీకర్లు బిగించే మనిషికి ఎంత కష్టం" అన్నాడు. జలుబు అని రాశావు నువ్వు.

అతను వెళ్లాక నాన్న టీవీ ఆపమన్నాడు. పదకొండు నెలలకు మొదటిసారి. ఉత్తరం చదవమన్నాడు. నేను చదివాను, అక్కడక్కడా దాటేస్తూ. తాళం దగ్గరికొచ్చేసరికి దాటేసి, బైకు దగ్గర ఎత్తుకున్నాను. నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"మింగకు. చదువు."

నీ ఉత్తరాలన్నిటికీ ఒక నడక ఉంటుందట, నేను ముక్క దాటేసినప్పుడల్లా ఆయనకు మెట్టు తప్పినట్టు ఉంటుందట. మొదట్నుంచీ తెలుసట. చదివాను. ఆయన చెయ్యి గాల్లో తడుముకున్న ముక్క కూడా చదివాను. "వాడు చూశాడా" అన్నాడు. తర్వాత ఆవిడ గురించి నాకు తెలిసిందంతా చెప్పమన్నాడు. నాకు తెలిసింది ఎంత, ఆ అరచేతులు, జారిపోయే గొట్టం, ఆ నవ్వు. చెప్పాను. లేపనం ఎలా ఉంటుందో చూపించమంటే షాపునుంచి తెచ్చి చేతిలో పెట్టాను. ఆ గొట్టం ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంది.

నేనొద్దన్నాను, అది నీకు తెలియాలి. నువ్వు రాసినవన్నీ నేనూ అన్నాను, పళ్లెం సంగతి కూడా. ఆయన వినలేదు. పరిశోధనశాల వాళ్లకు రానని రాసిన ఉత్తరం పోస్టు చేసేశాను. కోపంతో కాదు. ఆయన్ను ఏ ఊరి జైల్లో పెడితే ఆ ఊళ్లో ఏదో ఒక మందుల షాపు ఉంటుంది.

జూన్‌లో నిన్ను క్షమించలేదని రాశాను. అప్పుడు నేను క్షమించనిది నిన్ను కాదు. ఇప్పుడు ఎవరినో తేల్చుకోలేకుండా ఉన్నాను. నీ మీద కోపం పోలేదు. అది వేరే కోపం.

రాయడం అయ్యాక సంతకం దగ్గర చిక్కొచ్చింది. వేలు పట్టుకుని చోటు చూపిస్తానంటే ఒప్పుకోలేదు. నువ్వు చెయ్యి పట్టి పెట్టించావంటే కోర్టులో చెల్లదు, నేనే పెట్టాలి అన్నాడు. అందుకని కింద, ఎడమ పక్క, నీ చెక్క జిగురు ఒక చుక్క వేశాను. పెసరగింజంత. ఒక రోజు ఆరనిచ్చాం. ఇవాళ పొద్దున నాన్న కాయితం మీద వేళ్లు ఆనించి, నెమ్మదిగా కిందికి జరుపుకుంటూ వచ్చి, చుక్క తగలగానే ఆగాడు. అక్కడినుంచి మొదలుపెట్టాడు.

కాస్త ఏటవాలుగా వచ్చింది గానీ, ఆయన సంతకమే.